కలుపుకునేవి, నంజుకునేవి: చిన్న చిన్న వంటలతో నిండు భోజనం

ఒంగోలు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఆదివారం అత్తగారి వైపు వాళ్లు వచ్చారు, మొత్తం ఆరుగురు భోజనానికి. పెద్ద కూరేదీ పెట్టుకోకుండా చిన్నవి ఐదు చేసింది: దోసకాయ పప్పు, సాంబారు, గోంగూర పచ్చడి, టమాటా కూర, ఉర్లగడ్డ (బంగాళాదుంప) కుర్మా. దేనికది రుచిగానే ఉందన్నారు. అయినా అందరూ తొందరగా లేచిపోయారు, గిన్నెల్లో సగం మిగిలింది, సాయంత్రం నాలుగింటికల్లా మళ్లీ ఏదైనా పెట్టమన్నారు. "ఎన్ని రకాలు చేస్తే భోజనం నిండుగా ఉంటుంది? దేనితో ఏది జత చేయాలి? రెండు పొయ్యిల మీద గంటన్నరలో ఇదంతా అవుతుందా?" అని అడిగింది.

అమ్మా, నేను నెల్లూరు పొగతోటలో ఆసుపత్రుల దగ్గర చాలా ఏళ్లు చిన్న మెస్ నడిపాను. పల్లెల నుంచి రోగుల వెంట వచ్చినవాళ్లు, మందుల షాపుల్లో పనిచేసే పిల్లలు మా దగ్గర తినేవాళ్లు. వాళ్ల దగ్గర ఎక్కువ డబ్బులుండవు, కడుపు మాత్రం నిండాలి. ఖరీదైన కూర ఒక్కటీ లేకుండా, నాలుగు చిన్న వంటలతోనే భోజనం పెట్టాలి. అందుకే మీ ప్రశ్న చూడగానే వివరంగా రాయాలనిపించింది.

మీ వంటల్లో లోపం లేదు. రకాలూ తక్కువ కాలేదు. ఇబ్బంది ఎక్కడంటే, మీరు చేసిన ఐదూ అన్నంలో కలుపుకునేవే. నంజుకోవడానికి విస్తట్లో ఒక్కటీ లేదు.

మన భోజనంలో వంటలకు రెండు పనులుంటాయి. కొన్ని అన్నంలో కలుస్తాయి: పప్పు, పప్పుచారు, పులుసు, మజ్జిగ పులుసు, రసం, నెయ్యి వేసుకుని కలిపే పొడులు, రోటి పచ్చళ్లు, చివర్లో పెరుగు. కొన్ని పక్కన కూర్చుని ముద్ద ముద్దకీ కాస్త తోడొస్తాయి: వేపుడు, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, ఆమ్లెట్, చేప వేపుడు, ఆవకాయ ముక్క, ఏమీ లేనప్పుడు పచ్చి ఎర్రగడ్డ (ఉల్లిపాయ). కలుపుకునేది ఎంత బాగున్నా, అదొక్కటే వరసగా నాలుగు ముద్దలు తింటే నోటికి విసుగొస్తుంది. పక్కన కరకరలాడేది ఒకటుంటే ఆ నాలుగు ముద్దలూ ఎనిమిది ముద్దలవుతాయి. మీ ఇంట్లో అందరూ త్వరగా లేవడానికి కారణం ఇదే. ఆకలి తీరి లేవలేదు, నోరు అలిసిపోయి లేచారు. అందుకే నాలుగింటికి మళ్లీ ఆకలి.

ఇంకోటి చూడండి. దోసకాయ పప్పులో పులుపు, సాంబారులో చింతపండు, గోంగూర చెప్పనే అక్కర్లేదు, టమాటా కూరా పులుపే. ఐదింట్లో నాలుగు పులుపు. మిగిలిన కుర్మా మసాలా. కమ్మగా ఉండి నోటికి విశ్రాంతినిచ్చేది ఏదీ లేదు. పైగా కందిపప్పు రెండు చోట్ల పడింది, పప్పులోనూ సాంబారులోనూ. ఐదు గిన్నెలున్నా తినేవాళ్ల నాలుకకు అందింది రెండు మూడు రుచులే.

అవే సరుకులతో ఆ భోజనాన్ని మార్చి చూపిస్తాను. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

సాంబారు తీసేయండి. కందిపప్పును ముద్దపప్పుగా చేయండి, పులుపు వేయకండి. పసుపు, ఉప్పు, కాస్త ఇంగువ, పైన నెయ్యి, అంతే. గోంగూర పచ్చడి అలాగే ఉంచండి. కమ్మటి పప్పు పక్కన చేరితే అదే గోంగూర రెండింతలు రుచిగా ఉంటుంది. ఉర్లగడ్డను కుర్మాలో నుంచి తప్పించి వేపుడు చేయండి, నంజుకోవడానికి అదే ఆధారం. టమాటాలు రసంలోకి పంపండి. దోసకాయను పెరుగు పచ్చడి చేయండి. తరిగేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడడం మరిచిపోకండి, ఒక్క చేదు కాయ గిన్నెడు పెరుగును పాడుచేస్తుంది. గోంగూరలోకి సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కాసిని అప్పడాలు. ఇవీ ఐదు వంటలే. కానీ విస్తట్లో ఇప్పుడు కమ్మనిది ఉంది, పుల్లనిది ఉంది, కారం ఉంది, కరకర ఉంది, పలచనిది ఉంది, చల్లనిది ఉంది.

తినేవాళ్ల వైపు నుంచి చూడండి. మొదటి అన్నం గోంగూర, నూనో నెయ్యో వేసుకుని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ. రెండోది ముద్దపప్పు, పక్కన ఉర్లగడ్డ వేపుడు. కొందరు పప్పులోనే కాస్త గోంగూర కలుపుకుంటారు, అది ఇంకా బాగుంటుంది. మూడోది రసం, మిగిలిన వేపుడు, అప్పడం. చివరిది పెరుగన్నం, దోసకాయ పెరుగు పచ్చడితో కానీ, గోంగూర మళ్లీ కొంచెం నాలుక్కి రాసుకుని కానీ. ఒకే వేపుడు రెండు అన్నాలకు పనికొచ్చింది, ఒకే పచ్చడి మూడు చోట్ల పనికొచ్చింది. చిన్న వంటలతో భోజనం పెట్టాలనుకునేవాళ్లు ఇలా రెండు మూడు పనులు చేసే వంటను ముందు ఎంచుకోవాలి. రోటి పచ్చడి అందులో మొదటిది. కారం పెట్టిన వంకాయ కూడా అంతే, కలుపుకోనూవచ్చు, రసంలోకి నంజుకోనూవచ్చు. కుర్మా అలా కాదు. అది అన్నంలో కలిసి అయిపోతుంది, రసంలోకి పనికిరాదు, పెరుగులోకి అసలే పనికిరాదు. అందుకే చపాతీల రోజుకు దాన్ని ఉంచుకోండి.

కాబట్టి ఎన్ని రకాలు అన్నదానికి నా లెక్క ఇది. కలుపుకునేవి పెరుగు కాక రెండు చాలు, ఒకటి చిక్కగా, ఒకటి పలచగా. నంజుకునేవి రెండు, ఒకటి కూరగాయతో చేసింది, ఒకటి కరకరలాడేది. వీటికి తోడు పచ్చడో పొడో ఒకటి. మామూలు రోజుల్లో ఇందులో ఒకటి తగ్గినా పరవాలేదు. బంధువులొచ్చినా ఇంతకన్నా పెంచకండి, ఉన్నవాటినే కాస్త ఎక్కువ చేయండి. పది రకాలు కొంచెం కొంచెం చేస్తే, ఎవరికీ నచ్చింది రెండోసారి వడ్డించలేం. భోజనం దగ్గర అంతకన్నా చిన్నతనం లేదు.

ఉప్పు, కారం సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక్క కూరతో తినేటప్పుడు ఆ కూరలో ఉప్పు సరిగ్గా ఉండాలి, అన్నం చప్పగా ఉంటుంది కాబట్టి. నాలుగు వంటలు ఒకే ముద్దలో కలుస్తున్నప్పుడు నాలుగింట్లోనూ పూర్తి ఉప్పు వేస్తే ముద్ద ఉప్పగా అయిపోతుంది. అప్పడంలో, ఊరమిరపకాయలో, ఆవకాయలో ఉప్పు ఎలాగూ తగ్గించలేం. అందుకని పప్పులో, వేపుడులో ఒక పిసరు తగ్గించండి. పప్పు విడిగా రుచి చూస్తే కొంచెం తక్కువ అనిపించాలి, పచ్చడితో కలిపి చూస్తే సరిపోవాలి. మెస్‌లో నేను గిన్నెలు విడివిడిగా రుచి చూసేదాన్ని కాదు. ఒక ప్లేటులో అన్నీ కొంచెం కొంచెం పెట్టుకుని, వరసగా కలుపుకుని తిని చూసేదాన్ని. మీరూ అలా చూడండి, ఏది ఎక్కువో ఏది తక్కువో తెలిసిపోతుంది.

కారం కూడా అంతే. మన ఒంగోలు, నెల్లూరు ఇళ్లలో పచ్చడి కారం తగ్గిస్తే ఒప్పుకోరు, తగ్గించనూ వద్దు. దానికి బదులు వేపుడులో కారం తగ్గించి, జీలకర్ర, తెల్లగడ్డ (వెల్లుల్లి) దంచి వేయండి. ఒక భోజనంలో ఘాటుగా ఉండేది ఒకటే ఉండాలి. అలాగే మెయిన్ పులుపు కూడా ఒకటే. రెండో పులుపు తప్పకపోతే దాని మూలం మార్చండి. గోంగూర పుల్లగా ఉన్న రోజు రసంలో చింతపండు తగ్గించి మిరియం పెంచండి. చింతపండు పులుసు ఉన్న రోజు పచ్చడి కొబ్బరితోనో వేరుశనగ గుళ్లతోనో చేయండి.

రెండు పొయ్యిల మీద గంటన్నరలో అవుతుందా అన్నారు. గంటా పావులోనే అవుతుంది, కాకపోతే పచ్చడి ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోవాలి. గోంగూర ఒక రాత్రి ఊరితే ఇంకా బాగుంటుంది. ఆకు కడిగి నీడలో తడారనివ్వండి. నూనెలో ఎండుమిరపకాయలు, ధనియాలు, కాసిని మెంతులు వేయించి తీసి, అదే మూకుట్లో ఆకు మగ్గనిచ్చి, తెల్లగడ్డలు వేసి నూరండి. రోలు లేకపోతే మిక్సీ జార్‌లో ఆపి ఆపి తిప్పండి, మెత్తటి పేస్టు చేయకండి. ఎర్ర కాడల గోంగూర తెల్లదానికన్నా పులుపెక్కువ, కాబట్టి మిరపకాయలు ఆకును బట్టి వేసుకోవాలి.

ఆదివారం పొద్దున లేవగానే కందిపప్పు కడిగి నానబెట్టండి. మనవైపు మార్కాపురం, కనిగిరి మెట్టల్లో పండే కందులు దొరికితే అవే తెచ్చుకోండి, ఆ పప్పు వాసనే వేరు. మొదటి పొయ్యి మీద కుక్కర్‌లో పప్పు, రెండో పొయ్యి మీద అన్నం. పప్పు ఉడికేలోపల ఉర్లగడ్డలు తరిగి నీళ్లలో వేసి, రెండుసార్లు కడిగి, బట్ట మీద ఆరబెట్టండి. పైనున్న పిండి కడుక్కుపోతేనే ముక్క ముక్కకు అంటుకోకుండా వేగుతుంది. అన్నం దిగాక ఆ పొయ్యి మీద రసం పెట్టండి. టమాటాలు, నిమ్మకాయలో సగమంత చింతపండు, దంచిన మిరియాలు, జీలకర్ర. పప్పు తేట ఒక గరిటెడు అందులో పోస్తే రసం పలచగా ఉన్నా వెలితిగా ఉండదు. నురగ పైకి రాగానే దించేయండి, తెర్లనిస్తే వాసనంతా పోతుంది.

వేపుడు ఆఖరున చేయండి. వెడల్పాటి మూకుడు, మూత పెట్టకూడదు, ఉప్పు సగం వేగాకే వేయాలి. ముందే ఉప్పు వేస్తే ముక్కలో నీరు బయటికొచ్చి వేగడానికి బదులు ఉడుకుతుంది. విస్తళ్లు వేసే పావుగంట ముందు దిగితే కరకర పోదు. అప్పడాలు అందరూ కూర్చున్నాకే వేయించండి. పెరుగు పచ్చడి కలిపే పని అత్తగారికి అప్పజెప్పండి, ఆవిడకూ వంటింట్లో ఒక చోటుంటుంది. తిరగమోత మాత్రం ఒక్కసారే వేసుకోండి. పెద్ద గరిటెలో నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు వేసి, సగం రసంలో, సగం పెరుగు పచ్చడిలో. పప్పుకు నెయ్యి ఉంది కాబట్టి తిరగమోత అక్కర్లేదు. అన్నింట్లో ఒకే తిరగమోత పడితే అన్నీ ఒకే వాసనొస్తాయి.

పప్పులో ఆకుకూరో దోసకాయో వేసే రోజు ఒక జాగ్రత్త. పప్పు ఉడికాకే పులుపు వేయాలి. చింతపండు, పచ్చి మామిడికాయ, గోంగూర ముందే పడితే పప్పు పలుకులు గట్టిగా ఉండిపోతాయి, ఎన్ని విజిల్స్ వచ్చినా మెదగదు. తొందరలో అన్నీ ఒకేసారి కుక్కర్‌లో పడేసేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

బియ్యం సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. మీ ఇంట్లో బీపీటీ వాడుతుండొచ్చు, బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన 5204 రకం, సాంబమసూరి అంటారే, అదే. సన్న గింజ. బియ్యం పాతబడిందైతే అన్నం పొడిపొడిగా వచ్చి చారు బాగా పీల్చుకుంటుంది, రసం, పులుసు ఎక్కువ చేసుకోవాలి. కొత్త బియ్యమైతే అన్నం ముద్దగా ఉంటుంది. దాని మీద ముద్దపప్పు వేస్తే గొంతు దిగదు. కోతలయ్యాక కొత్త బియ్యం వచ్చే రోజుల్లో ముద్దపప్పుకు బదులు పప్పుచారు పెట్టుకోండి, నీళ్లు కూడా కాస్త తగ్గించి అన్నం వండండి. మా నెల్లూరు వైపు పాతకాలం వాళ్లు ఇప్పటికీ మొలగొలుకులు అనే పాత వరి రకం అన్నం గురించి చెప్పుకుంటారు. ఆ అన్నానికి కూరే అక్కర్లేదు, పులుసు బొట్టు చాలనేవాళ్లు.

నిండు భోజనమంటే రుచి ఒక్కటే కాదు, ఒంటికి పట్టేదీ చూసుకోవాలి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే మాంసకృత్తి భాగం పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. అందుకే పప్పన్నం బలమైన జత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజంతా తినేదాంట్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదని చెప్పింది. రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు ఉండాలని కూడా లెక్క ఇచ్చింది. మన విస్తట్లో అన్నం కొండలా ఉండి, కూర గోరంత ఉంటుంది. చిన్న వంటలతో పెట్టే భోజనానికి ఉన్న గొప్ప లాభం ఇక్కడే. పప్పులో ఒక కట్ట ఆకుకూర, వేపుడులో దొండకాయో గోరుచిక్కుడో, పచ్చడిలో బీరకాయో దోసకాయో, పెరుగులో ఇంకో ముక్క. తెలియకుండానే మూడు నాలుగు కూరగాయలు లోపలికి పోతాయి. ఉర్లగడ్డ వేపుడు బంధువుల కోసం. మామూలు రోజుల్లో దాని చోట వేరే కూరగాయ రావాలి.

ఆకుకూర పప్పు దించాక నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది, రుచీ చేదెక్కుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు చేతికందే చోట ఉండి మనం నిమ్మకాయను పులిహోరకే వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. భోజనమవగానే కాఫీ, టీ తాగే అలవాటుంటే ఒక గంట ఆగండి, ఆ ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి.

చేపల పులుసు పెట్టే రోజు లెక్క వేరు. నెల్లూరు చేపల పులుసులో చింతపండు, పచ్చి మామిడికాయ, కారం, మూడూ గట్టిగా ఉంటాయి. ఆ రోజు భోజనానికి అదే పెద్ద. కొరమేను అయినా, బొమ్మిడాయిలైనా పొద్దున చేసి సాయంత్రం తింటే ముక్కకు పులుసు పడుతుంది. దాని పక్కన ఇంకో పుల్లనిది పెట్టకండి, గోంగూర, టమాటా పచ్చడి రెండూ వద్దు. నెత్తళ్ల వేపుడు కానీ, రెండు ఆమ్లెట్లు కానీ, ఏదీ లేకపోతే వడియాలు కానీ నంజుకోవడానికి చాలు. చేప తిన్న రోజు పెరుగు వేసుకోని ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి. అలాంటివాళ్లకు ఆఖరి అన్నం లేకుండా పోతుంది కాబట్టి, చింతపండు లేని మిరియాల రసం పలచగా కాచి ఉంచండి. చేప తినని వాళ్లు ఒకరిద్దరుంటే ముద్దపప్పు, వేపుడు వాళ్లకు కలుపుకోవడానికీ నంజుకోవడానికీ సరిపోతాయి. విడిగా వంట చేయాల్సిన టెన్షన్ ఉండదు.

ఎండాకాలం వేరే కథ. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు వంటిళ్లలో పొయ్యి ముందు నిలబడడమే శిక్ష. అప్పుడు నేను పొయ్యితో పని తక్కువుండే భోజనం పెట్టేదాన్ని. ముద్దపప్పు, కొత్త ఆవకాయ, పచ్చి పులుసు, వడియాలు, పెరుగు. పొయ్యి మీద ఉడికేది పప్పూ అన్నమే. పచ్చి పులుసుకు చింతపండు నానబెట్టి పలచగా పిసికి, సెగ మీద కాల్చిన పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ, ఉప్పు, కాస్త బెల్లం చేత్తో నలిపి కలపాలి, పైన తిరగమోత. చేత్తో నలిపితేనే దానికి రుచి. ఇందులో కూరే లేదు, అయినా ఎవరూ కూరేదని అడగలేదు. పప్పు కమ్మదనం, ఆవకాయ ఘాటు, పులుసు చల్లదనం, వడియం కరకర, దేని పని అది చేస్తుంది. చిన్నవాటితోనే నిండు భోజనం అవుతుందా అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

మీకు మార్కాపురం, కనిగిరి వైపు చుట్టాలుంటే సంగటి కూడా తెలిసే ఉంటుంది. సంగటి నమిలేది కాదు, ముద్ద పులుసులో ముంచి మింగేది. అందుకని దానికి పలచనివే ఎక్కువ కావాలి. ఆకుకూర పులుసు, వేరుశనగ గుళ్ల పచ్చడి, పక్కన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ. వేపుళ్లు, అప్పడాలు దానికి అంతగా కుదరవు. పైన చెప్పిన లెక్కంతా అన్నానికి, సంగటికి కాదు.

మిగిలిపోయినవాటి గురించి మీరు అడగలేదు, కానీ సగం మిగిలిందన్నారు కాబట్టి చెప్తున్నాను. అన్నం బయట పెట్టి ఉంచొద్దు. బియ్యం వండినా చావని ఒక రకం సూక్ష్మజీవి బీజాలు అన్నంలో ఉంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం పుట్టిస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు, ఎండాకాలమైతే గంటలోపే వెడల్పు గిన్నెలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ముద్దపప్పు మిగిలితే మర్నాడు చింతపండు రసం పోసి పప్పుచారు చేయండి, అది కొత్త వంటే. వేపుడు మెత్తబడిపోతుంది కాబట్టి దాన్ని గుడ్డుతో కలిపి పొడిగా వేయించండి, మళ్లీ నంజుకోవడానికి పనికొస్తుంది. గోంగూర నూనె తేలుతూ ఉంటే ఫ్రిజ్‌లో వారం రోజులు నిక్షేపంగా ఉంటుంది, తడి చెంచా పెట్టకుండా చూసుకోండి. పెరుగు పచ్చడి మాత్రం ఉంచకండి, కావాల్సినంతే కలపండి.

ఉద్యోగం చేసే ఇంట్లో నంజుకునేవి డబ్బాల్లో సిద్ధంగా ఉండడం పెద్ద బలం. కందిపొడి ఒకటి, ఊరమిరపకాయలు ఒకటి, వడియాలు ఒకటి, ఈ మూడూ ఉంటే ఏ రాత్రైనా ఒక పప్పుచారుతో భోజనం అయిపోతుంది. ఊరమిరపకాయలు మే నెలలో పెట్టుకోండి. బాగా పులిసిన మజ్జిగలో ఉప్పు కలిపి, నిలువుగా గాటు పెట్టిన పచ్చిమిరపకాయలు నానబెట్టాలి. పగలు తీసి ఎండలో ఆరబెట్టి, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగ అంతా ఇగిరిపోయేదాకా అలా చేసి, చివర్లో గలగలమనేలా ఎండబెట్టాలి. మన ఎండ ముందు ఏ డ్రయ్యరూ నిలబడదు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నా మేడ మీద ఒక మూల చాలు.

ఇక కొలతలు. ఆరుగురికి బియ్యం ముప్పావు కిలో చాలు, పిల్లలుంటే ఇంకా తక్కువ. కందిపప్పు పావు కిలో. ఉర్లగడ్డలు కిలో, వేగితే తగ్గిపోతాయి, నంజుకునేది ఎప్పుడూ ముందు అయిపోతుంది కాబట్టి దాన్నే ఎక్కువ చేయాలి. గోంగూర పెద్ద కట్టలు నాలుగు. రసం రెండు లీటర్లు, కొందరు గ్లాసులో కూడా పోయించుకుంటారు. పెరుగు లీటరున్నర, అందులో మూడో వంతు దోసకాయ పచ్చడికి. ఇలా చేస్తే అన్నీ దాదాపు సమానంగా అయిపోతాయి.

మీ మామగారు సాంబారు లేకపోతే అన్నం ముట్టరు అనుకోండి, పెట్టండి, దానికేమీ ఇబ్బంది లేదు. అప్పుడు ముద్దపప్పు, రసం రెండూ మానేయండి, సాంబారే చిక్కదనానికీ పలచదనానికీ సరిపోతుంది. అందులో మునక్కాయ, సొరకాయ ముక్కలు నిండుగా వేయండి. గోంగూర బదులు కొబ్బరి పచ్చడి చేయండి, చింతపండు వేయకుండా. ఉర్లగడ్డ వేపుడు, అప్పడాలు, పెరుగు పచ్చడి అలాగే ఉంటాయి. ఒక వంట తగ్గింది కాబట్టి పని ఇంకా ముందే అయిపోతుంది, ఆ మిగిలిన పొయ్యి మీద కాసిని సేమ్యాలు పాలల్లో ఉడికించి పాయసం చేసేయండి.